తక్కువ పౌనఃపున్య కంపనాల నుంచి విద్యుత్తు: ధాన్యం జల్లెడ మీద పీజో బిళ్ళలు ఎందుకు పనిచేయలేదు?

మిల్లుబాబాయి (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. నేను తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైస్ మిల్లులో యంత్రాల నిర్వహణ చూస్తాను. మా దగ్గర ధాన్యం శుభ్రం చేసే పెద్ద జల్లెడ ఒకటి ఉంది. ఎక్సెంట్రిక్ షాఫ్టు తిరుగుతుంటే ఒక రాడ్డు దానిని ముందుకూ వెనక్కూ తోస్తుంటుంది. ఆ రాడ్డు కొసన ఉన్న బేరింగులోకి దుమ్మూ ఊకా చేరి గ్రీజు గట్టిపడటంతో, పోయిన సీజనులో రెండుసార్లు పట్టేసింది. ముందుగానే పసిగట్టాలన్న ఉద్దేశంతో దాని మీద ఒక సెన్సరు పెట్టాను. అయితే దానికి వేసిన తీగ జల్లెడతో పాటు నిమిషానికి 300 సార్లు వంగుతూ, మూడు వారాలు తిరగకుండానే వంపు దగ్గర తెగిపోయింది.

కదిలే జల్లెడ నుంచే కరెంటు తీసుకుంటే తీగ గొడవే ఉండదనిపించింది. 35 మిల్లీమీటర్ల పీజో బిళ్ళలు (నొక్కినా వంచినా విద్యుదావేశం పుట్టించేవి) కొని, ఒక్కొక్క దాని ఒక అంచును చట్రానికి ఎపాక్సీతో అతికించి, రెండో అంచున బరువు కోసం ఒక నట్టు అంటించాను. ఆసిలోస్కోపులో చూస్తే ఒక్కో బిళ్ళకు శిఖరం దగ్గర 4 వోల్టులు కనిపిస్తున్నాయి. అటూ ఇటూ పారే కరెంటును ఒకే దిశకు మళ్ళించే డయోడ్ బ్రిడ్జి ద్వారా శక్తి సేకరణ చిప్పుకు కలిపితే మాత్రం అవతలి వైపు సున్నా. చిప్పును మార్చి చూసినా అంతే. ఫోనును గుడ్డతో చట్రానికి కట్టి కొలిచాను: పౌనఃపున్యం 5 హెర్ట్జ్, త్వరణం శిఖరం దగ్గర సెకనుకు సెకనుకు సుమారు 10 మీటర్లు. ఇంతగా ఊగే వస్తువు నుంచి ఒక చిన్న సెన్సరుకు చాలినంత కరెంటు ఎందుకు రాదు?

తీగచుట్ట

మీ చిప్పులో దోషం లేదు. పీజో బిళ్ళను విద్యుత్ పరంగా ఒక కెపాసిటర్‌గానే చూడాలి. ఈ పరిమాణం బిళ్ళకు సుమారు 20 నానోఫారడ్లు ఉంటుంది. 5 హెర్ట్జ్ దగ్గర ఆ కెపాసిటర్ చూపే అవరోధం దాదాపు 16 లక్షల ఓములు. ఆసిలోస్కోపు ప్రోబు కోటి ఓములది కాబట్టి దానికి 4 వోల్టులు కనబడతాయి. కాస్త కరెంటు అడిగే పరికరం ఏది తగిలించినా ఆ వోల్టులు కుప్పకూలుతాయి.

మామూలు డయోడ్ బ్రిడ్జితో పీజో నుంచి రాబట్టగల గరిష్ఠ సామర్థ్యానికి ఒక చిన్న సూత్రం ఉంది: పౌనఃపున్యాన్ని కెపాసిటెన్సుతో, ఆపైన లోడు లేనప్పటి శిఖర వోల్టేజి వర్గంతో గుణిస్తే చాలు. మీ అంకెలు వేస్తే 1.6 మైక్రోవాట్లు వస్తుంది. అదీ డయోడ్ల నష్టం తీయకముందు. ఈ పనికి బాగా వాడుకలో ఉన్న ఎల్‌టీసీ 3588 వంటి చిప్పు చాలా పొదుపరి, మేలుకోకముందు 450 నానోఆంపియర్లే తీసుకుంటుంది. అయినా 3.3 వోల్టుల అమరికలో అది మేలుకోవాలంటే దాని ప్రవేశం దగ్గరి కెపాసిటర్ సుమారు 5 వోల్టులకు ఎక్కాలి. మీ బిళ్ళ ఎంత నింపినా 4 దాటదు. అంటే వాకిట్లో వేచి ఉన్న మనిషి, వచ్చిన నీళ్ళన్నీ తానే తాగేసి, తలుపు మాత్రం తీయడం లేదు.

ఈ బిళ్ళలు బజరు కోసం, అంటే కొన్ని వేల హెర్ట్జ్‌లకు చేసినవి. 1880లో క్యూరీ సోదరులు చూపించినది నిజమే, స్ఫటికాన్ని నొక్కితే ఆవేశం పుడుతుంది. అయితే సెకనుకు 5 సార్లు, అదీ ఒక నట్టు బరువుతో నొక్కితే, పుట్టేది ఆ లెక్కలోనే ఉంటుంది.

సందేహి

నేను ఇంజనీరింగు మూడో సంవత్సరం విద్యార్థిని. పెద్దలను ఒక సంగతి అడగాలి. బిళ్ళకు బదులు మరో పద్ధతి పెట్టినా తక్కువ పౌనఃపున్యం అన్నదే అడ్డంకి అవుతుందా? ప్రాజెక్టు కోసం చదివిన ప్రతిచోటా 100 హెర్ట్జ్‌కు పైన ఉన్న ఉదాహరణలే కనిపించాయి.

స్ప్రింగు_శాస్త్రి

అడ్డంకే, అయితే చాలామంది అనుకునే కారణం వల్ల కాదు. షెఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియమ్స్, యేట్స్ 1996లో ప్రచురించిన విశ్లేషణ ఈ రంగంలో అందరూ మొదట పట్టుకునే కొస. ఒక పెట్టె, అందులో స్ప్రింగుకు వేలాడే బరువు, ఆ బరువు కదలికకు అడ్డుపడుతూ విద్యుత్తు పుట్టించే ఒక యంత్రాంగం. వారి నమూనా అంతే. పెట్టె ఊగే దూరం మారకుండా ఉంటే, అనునాదం వద్ద, అంటే పెట్టె ఊపూ స్ప్రింగు సహజ ఊపూ ఒకటైనప్పుడు, వచ్చే సామర్థ్యం పౌనఃపున్యపు ఘనానికి అనులోమంగా ఉంటుందని అందులో తేలుతుంది. పౌనఃపున్యం సగమైతే సామర్థ్యం ఎనిమిదో వంతుకు పడుతుంది. మీరు చదివినవారు 100 హెర్ట్జ్‌ను వదలకపోవడానికి కారణం ఇదే.

అయితే ఆ ఘనం దగ్గరే ఆగిపోతే అసలు విషయం జారిపోతుంది. పెట్టెలో బరువు కదలడానికి ఉన్న చోటును కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంకో రూపం వస్తుంది, నాకు అదే ఎక్కువ ఇష్టం: గరిష్ఠ సామర్థ్యం అంటే బరువు ద్రవ్యరాశి, చట్రపు త్వరణం, కోణీయ పౌనఃపున్యం (మామూలు పౌనఃపున్యానికి 2π రెట్లు), బరువు ఒక్కో వైపుకు కదలగల దూరం, ఈ నాలుగింటి లబ్ధంలో సగం. బాబాయి గారి జల్లెడ మీద 100 గ్రాముల బరువును ఒక్కో వైపుకు 10 మిల్లీమీటర్లు కదలనిస్తే ఇది 157 మిల్లీవాట్లు అవుతుంది. ఇది ఆకాశపు హద్దు, అందులో వందో వంతు చేతికి వచ్చినా మీ సెన్సరుకు ఎక్కువే. త్వరణం అలాగే ఉండి బరువు కదిలే చోటు పదో వంతుకు తగ్గితే, ఈ అంకె కూడా పదో వంతుకు తగ్గుతుంది. తక్కువ పౌనఃపున్యంలో మనం కొనవలసింది చోటు. అగ్గిపెట్టె అంత పరికరంలో పట్టాలంటే అది దొరకదు, అందుకే పరిశోధన పత్రాలలో ఇది కష్టమైన సమస్యగా కనిపిస్తుంది.

చోటుతో ముడిపడిన ఇంకో చిక్కు స్ప్రింగు జారుడు. నిలువుగా వేలాడదీసిన స్ప్రింగును ఏ పౌనఃపున్యానికి శ్రుతి చేస్తామో దానిని బట్టి బరువు తన భారానికి తాను ఎంత కిందికి దిగుతుందో నిర్ణయమైపోతుంది. స్ప్రింగు ఏ లోహానిదైనా, బరువు ఎంతైనా దీనికి మార్పు లేదు. 100 హెర్ట్జ్ స్ప్రింగు మిల్లీమీటరులో నలభయ్యో వంతు దిగుతుంది, కంటికి ఆనదు. 5 హెర్ట్జ్‌ది ఒక సెంటీమీటరు, 2 హెర్ట్జ్‌ది ఆరు సెంటీమీటర్లకు పైన దిగుతుంది. 1 హెర్ట్జ్‌కు వచ్చేసరికి ఇరవై అయిదు సెంటీమీటర్లు, అంటే ఊగకముందే జానెడు పైగా సాగి కూర్చుంటుంది. మనిషి నడక, పెద్ద వంతెన ఊగడం, సముద్రపు అల ఈ కోవలోనివే. అయితే బాబాయి గారి అదృష్టం ఏమిటంటే జల్లెడ అడ్డంగా కదులుతుంది, కాబట్టి భూమి గురుత్వం ఆ దిశలో వేలు పెట్టదు.

లెక్కలమ్మ

చర్చ బాగుంది, కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఆ సెన్సరుకు ఎంత కావాలి? నేను పదేళ్ళుగా బ్యాటరీతో నడిచే చిన్న పరికరాలు తయారు చేస్తున్నాను, నా అలవాటు మొదట ఖర్చు రాయడం. నిమిషానికి ఒకసారి ఉష్ణోగ్రత చదివి రేడియోలో పంపడానికి సుమారు 0.6 మిల్లీజౌల్ చాలు, సగటున 10 మైక్రోవాట్లు. రెండు మామూలు పెన్సిలు బ్యాటరీలలో 20 వేల జౌల్స్ ఉంటాయి. భాగహారం చేసి చూడండి, అరవై ఏళ్ళు దాటుతుంది. అంతకు చాలా ముందే బ్యాటరీ తనంతట తానే పాడవుతుందనుకోండి. కేవలం ఉష్ణోగ్రత కోసమే అయితే ఇంత కష్టం ఎందుకండీ? బ్యాటరీ పెట్టి మరిచిపోవచ్చు.

మిల్లుబాబాయి

లెక్కలమ్మ గారూ, ఇది ముందే చెప్పవలసింది, నాదే పొరపాటు. ఉష్ణోగ్రత పెరిగే సమయానికి బేరింగు అప్పటికే పోయి ఉంటుంది, అది నేను రెండుసార్లు చూశాను. నాకు కావలసింది బేరింగు కంపనపు అల ఆకారం. లోపలి గుండు మీద చిన్న గాటు పడగానే అందులో సన్నని తట్లు మొదలవుతాయట. దీని కోసం సెన్సరు ప్రతిసారీ 5 సెకన్లు మేలుకుని, సెకనుకు కొన్ని వేల నమూనాలు తీసుకుని, మొత్తం పంపాలి. ఆ 5 సెకన్లలో సుమారు 30 మిల్లీవాట్లు వాడుతోంది.

లెక్కలమ్మ

అలా చెప్పండి. ఒక్కో చదువుకు (రీడింగుకు) 150 మిల్లీజౌల్స్. నిమిషానికి ఒకటి చొప్పున సగటు 2.5 మిల్లీవాట్లు, అదే రెండు బ్యాటరీలు మూడు నెలలు. సీజను మధ్యలో, దుమ్ములో, తిరిగే యంత్రం పక్కన నిలబడి బ్యాటరీలు మార్చడం నేనూ వద్దనే అంటాను. కంపనాల నుంచి శక్తి తీసుకోవడం సమంజసమయ్యే చోటు సరిగ్గా ఇదే, మైక్రోవాట్లకూ వాట్లకూ మధ్య ఉన్న సన్నని పట్టీ. కింద బ్యాటరీ గెలుస్తుంది, పైన కరెంటు తీగ గెలుస్తుంది.

పట్టాలపక్కన

రైల్వేలో కూడా సరిగ్గా ఆ పట్టీలోని సమస్యే ఉంది. సరకు వ్యాగనులో కరెంటు ఉండదు, బేరింగు మాత్రం ఉంటుంది, అది వేడెక్కితే ఎంత ప్రమాదమో మాకు తెలుసు. ఇంగ్లండులో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం నుంచి 2004లో విడిగా ఏర్పడిన పర్పెచ్యుమ్ అనే సంస్థ యాక్సిల్ బాక్సు (చక్రాల ఇరుసు బేరింగు ఉండే పెట్టె) మీద బిగించే పరికరాలను తయారు చేసింది. బండి కంపనం నుంచే కరెంటు పుట్టించుకుని బేరింగు, చక్రాల స్థితిని పంపుతాయవి. ఆ సంస్థ 2021లో హిటాచీ రైల్‌లో కలిసింది. అక్కడ పట్టాల మీది కుదుపులు పదుల హెర్ట్జ్‌లలో ఉంటాయి కనుక స్ప్రింగు జారుడు గొడవ తక్కువ. అదే వ్యాగను పెట్టె స్ప్రింగుల మీద ఊగేది ఒకటి నుంచి మూడు హెర్ట్జ్‌ల మధ్య, అక్కడి నుంచి తీయాలంటే శాస్త్రి గారు చెప్పిన చోటు సమస్య తప్పదు.

సందేహి

మరి రైల్వే ప్లాట్‌ఫారం మీద జనం నడిచే పలకల సంగతి ఏమిటి? వేల మంది అడుగులు వేస్తే స్టేషను దీపాలు వెలుగుతాయని వీడియోలలో చూశాను. మా జట్టు ప్రాజెక్టుగా అదే తీసుకుందామనుకుంటోంది.

స్ప్రింగు_శాస్త్రి

తీసుకోండి, కానీ లెక్క వేసి తీసుకోండి. 70 కిలోల మనిషి అడుగు వేసినప్పుడు పలక 5 మిల్లీమీటర్లు దిగిందనుకుందాం. బలాన్ని దూరంతో గుణిస్తే 3.4 జౌల్స్. పలకలో ఏ నష్టమూ లేదనుకున్నా, పదివేల అడుగులకు వచ్చేది 34 వేల జౌల్స్, అంటే కరెంటు బిల్లు మీది ఒక యూనిట్లో వందో వంతు కూడా నిండదు. ఒక యూనిట్ కావాలంటే పది లక్షలకు పైగా అడుగులు పడాలి. పైగా ఆ శక్తి ఊరకే వచ్చింది కాదు, ఇసుకలో నడిచినట్టు నడిచేవారి కాళ్ళు దానిని చెల్లిస్తాయి. టోక్యో స్టేషనులో జేఆర్ ఈస్ట్ సంస్థ 2006లోనూ 2008లోనూ ఇటువంటి నేలను పరీక్షించింది. లండనులో 2012 ఒలింపిక్స్ సమయంలో వెస్ట్ హామ్ స్టేషను దగ్గర పేవ్‌జెన్ పలకలు పరిచారు. అవి చూపరులకు ఆసక్తి కలిగించేవే, అడుగులను లెక్కపెట్టే పనికి కూడా వస్తాయి. దీపాల బిల్లు తీర్చే పని మాత్రం వాటిది కాదు. వాహనాల స్పీడ్ బ్రేకర్ల నుంచి కరెంటు అనేవారికి కూడా ఇదే సమాధానం, అక్కడ చెల్లించేది బండి ట్యాంకులోని పెట్రోలు.

మనిషి మీదే మోసుకుపోయే పరికరాలలో కథ కొంత వేరు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో షెంక్, పరడీసో బూటు మడమలో పీజో పెట్టి, 2001లో ప్రచురించిన ఫలితంలో 8.4 మిల్లీవాట్లు చూపారు, నడక సుమారు 1 హెర్ట్జ్. లారెన్స్ రోమ్ బృందం 2005లో బరువైన వీపు సంచిని చట్రం మీద పైకీ కిందికీ జారేలా చేసి 7.4 వాట్ల దాకా తీసింది. రెండింటి మధ్య తేడా సుమారు వెయ్యి రెట్లు. నడిచేది అదే మనిషి. కాకపోతే ఒకచోట కదిలింది మడమ కింద కొద్ది మిల్లీమీటర్లు, రెండోచోట ఇరవై ముప్పై కిలోల సంచి కొన్ని సెంటీమీటర్లు. చోటు, బరువు అని నేను మొత్తుకునేది అందుకే.

తీగచుట్ట

చోటు తక్కువైనప్పుడు వాడే ఒక ఉపాయం కూడా సందేహి గారి కోసం చెబుతాను. తంబూరా మీటే వేలు నెమ్మదిగానే కదులుతుంది, తీగ మాత్రం తన సొంత శ్రుతిలో వేగంగా మోగుతుంది. అలాగే నెమ్మదిగా కదిలే అయస్కాంతంతో ఒక సన్నని పీజో పట్టీని లాగి వదిలితే, అది తన సహజ పౌనఃపున్యంలో, ఉదాహరణకు 100 హెర్ట్జ్‌లో, మోగుతూ శక్తినిస్తుంది. పౌనఃపున్యాన్ని పెంచి వాడుకోవడం అన్నమాట. ప్రతి మీటుకూ పట్టీ పూర్తిగా మోగి ఆగేంత వ్యవధి ఉంటుంది. చేతి గడియారాలలో ఇదే దారికి మరో రూపం ఉంది. 1988లో మార్కెట్లోకి వచ్చిన సీకో గడియారంలో చేయి ఊపితే అర్ధచంద్రాకారపు బరువు ఊగుతుంది, పళ్ళ చక్రాలు ఆ నెమ్మది కదలికను ఎన్నో రెట్లు పెంచి బుల్లి జనరేటరును తిప్పుతాయి.

ఇక బాబాయి గారికి నా సలహా. జల్లెడ పక్కనే కదలని ఇనుప చట్రం ఉంది కదా, అయస్కాంతాన్ని దానికి బిగించి, తీగ చుట్టను జల్లెడకు బిగించండి. ఊగే బరువు, స్ప్రింగు, అనునాదం ఇవన్నీ పట్టుకోవడానికి నేల దొరకని చోట చేసే ఏర్పాట్లు. మీకు నేల పక్కనే ఉంది. 1831లో ఫారడే చూపినది నేరుగా వాడుకోండి.

మిల్లుబాబాయి

తీగచుట్ట గారూ, ఆలోచన చాలా నచ్చింది, నిన్ననే ప్రయత్నించాను. మధ్యాహ్నానికి అయస్కాంతం ముళ్ళపంది అయింది. ధాన్యంలో మేకులు, తీగ ముక్కలు, ఇనుప రజను వస్తాయి. వాటిని పట్టడానికే మిల్లులో మొదట ఒక అయస్కాంతం పెడతాం, నేను తెలివిగా రెండోది పెట్టానన్నమాట. అంచుల్లో పేరుకున్న మేకు ఒకటి చుట్ట మీది తీగను గీసేసింది. మూసిన గొట్టం లోపల ఉండే ఏర్పాటు ఏదైనా ఉంటే చెప్పండి.

స్ప్రింగు_శాస్త్రి

అయితే ఊగే బరువు దగ్గరికే తిరిగి వద్దాం, కానీ స్ప్రింగు లేకుండా. జల్లెడ ఒక్కో వైపుకు దాదాపు 10 మిల్లీమీటర్లు జరుగుతోంది. ఒక గొట్టాన్ని జల్లెడ కదిలే దిశలోనే పడుకోబెట్టి, లోపల నియోడిమియం అయస్కాంతాన్ని వదిలేసి, రెండు కొసలలో వికర్షించేలా చిన్న అయస్కాంతాలు బిగించండి. బరువైన అయస్కాంతం జడత్వంతో ఉన్నచోటనే ఉండాలని చూస్తుంది, గొట్టమూ దానికి చుట్టిన తీగా దాని మీదుగా పరుగెడతాయి. భూకంప లేఖిని పనిచేసేది కూడా ఇలాగే. కంపించే దూరం ఇంత పెద్దదైనప్పుడు శ్రుతి కలపవలసిన పని లేదు, బెల్టు జారి వేగం కాస్త తగ్గినా ఇది పట్టించుకోదు.

మిల్లుబాబాయి

నాలుగు రోజుల తరువాత రాస్తున్నాను. మొదటి ప్రయత్నం విఫలం. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 40 మిల్లీమీటర్ల పొడవు, 94 గ్రాముల అయస్కాంతం. గట్టిగా ఉంటుందని అల్యూమినియం గొట్టం వాడాను. చేత్తో ఊపితే లోపల తేనెలో కదిలినట్టు కదులుతోంది. చుట్టలో అర వోల్టు కూడా లేదు. అల్యూమినియానికి అయస్కాంతం అంటుకోదు కదా, మరి ఎందుకు ఇలా?

తీగచుట్ట

అంటుకోదు, కానీ కరెంటును పారనిస్తుంది. అయస్కాంతం కదలగానే గొట్టం గోడలోనే సుడి విద్యుత్తులు పుట్టి దానిని పట్టి ఆపుతాయి. మీరు చుట్టిన వెయ్యి చుట్ల కంటే ముందు, గొట్టమే ఒక మందపాటి చుట్టగా మారి శక్తినంతా వేడి చేసి పారేస్తోంది. పీవీసీ గొట్టం వాడండి.

మిల్లుబాబాయి

పీవీసీ గొట్టంతో మారిపోయింది. 38 గేజి ఎనామిల్ తీగ వెయ్యి చుట్లు చుట్టాను, నిరోధం 83 ఓములు. లోడు లేనప్పుడు శిఖరం దగ్గర 2.4 వోల్టులు. 100 ఓముల లోడు మీద ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటుకు వర్గమూలం) విలువ 0.6 వోల్టు, అంటే 3.6 మిల్లీవాట్లు. సిలికాన్ డయోడ్ బ్రిడ్జి పెడితే రెండు డయోడ్లలో 1.4 వోల్టు అక్కడే పోతోంది. అందుకని తక్కువ వోల్టేజి మింగే షాట్‌కీ డయోడ్లతో వోల్టేజి రెట్టింపు వలయం పెట్టాను. 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ సున్నా నుంచి 3.5 వోల్టులకు 40 సెకన్లలో ఎక్కింది.

లెక్కలమ్మ

ఆ కెపాసిటర్‌లో అప్పుడు దాదాపు 29 మిల్లీజౌల్స్ ఉంటాయి, అంటే నిల్వలోకి చేరుతున్నది సుమారు 0.7 మిల్లీవాట్లు. మీ ఒక చదువుకు 150 మిల్లీజౌల్స్ కావాలి కనుక ఈ కెపాసిటర్ చాలదు. 0.1 ఫారడ్ సూపర్ కెపాసిటర్ పెట్టి, 3.5 నుంచి 2.2 వోల్టుల వరకు వాడుకోండి, 370 మిల్లీజౌల్స్ వస్తాయి. మిల్లు మొదలైన పావుగంటకు అది నిండుతుంది. తరువాత అయిదు నిమిషాలకు ఒక చదువు హాయిగా తీసుకోవచ్చు. నిమిషానికి ఒకటి కావాలని పట్టుబట్టకండి, బేరింగు అయిదు నిమిషాలలో చెడిపోదు.

మిల్లుబాబాయి

అయిదు నిమిషాలకే పెట్టాను. నిన్న ఉదయం ఆరున్నరకు మిల్లు వేశాం, ఏడు కాకముందే మొదటి అల వచ్చింది. ఇప్పటి వరకు ఒక్కటీ తప్పిపోలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ మిల్లు ఆపినప్పుడు సెన్సరూ నిద్రపోతుంది, అప్పుడు చూడవలసినదీ ఏమీ లేదు. చివరగా ఒక చిన్న సందేహం: చుట్ట మీద వార్నిష్ చాలా, లేక మొత్తం ఎపాక్సీలో ముంచాలా?

తీగచుట్ట

దుమ్ముకైతే వార్నిష్ చాలు. కానీ అది రైస్ మిల్లు, ఎలుకలు ఉంటాయి. ఎపాక్సీలో ముంచి, పైన ఇంకో పీవీసీ గొట్టం తొడగండి.